మార్లిస్ చుట్టిన సున్నా

మార్లిస్ హాగెన్ ముప్పయ్యేళ్లు స్కూలు బస్సు తోలింది. ఒక్క పిల్లనైనా బస్సులో మరిచిపోయి ఎరగదు. సముద్రం ఒడ్డున సీడర్ పాయింట్ అడవిలోనూ ఆవిడది అదే బుద్ధి. ఏటా అక్టోబరులో అక్కడ జరిగే పాతిక కిలోమీటర్ల పరుగులో అందరికంటే వెనక వచ్చేది ఆవిడే. దారి చూపించే గులాబీ రిబ్బన్లు కొమ్మల నుంచి విప్పుకుంటూ, ఆఖరి మనిషిని ముందు పెట్టుకుని వచ్చేది. వచ్చాక, ఫలితాల బోర్డు అడుగున "అడవిలో మిగిలినవాళ్లు" అన్నచోట తన చేత్తో సున్నా చుట్టేది. ఇరవై ఒక్క ఏళ్లు, ఇరవై ఒక్క సున్నాలు! నవ్వులాటా?

ఈ ఏడు, పరుగు నడిపే డెన్నీ, "మోకాలికి ఆపరేషనయింది, ఇంక చాలించు తల్లీ" అన్నాడు. రిబ్బన్ల పని ఊరికి కొత్తగా వచ్చిన బ్రోగన్‌కి అప్పగించాడు. మార్లిస్‌కి ఒళ్లు మండింది.

"అయితే నంబరివ్వు. నేనూ పరిగెడతా."

నాలుగు గంటల్లో చేరితేనే బోర్డు మీద పేరు. అరవై ఎనిమిదేళ్లకి, మొట్టమొదటిసారి, ఆ పేరు కావాలనిపించింది ఆవిడకి.

ఇంకా మూడు కిలోమీటర్లుంది. చేతిలో ముప్పై అయిదు నిమిషాలున్నాయి. అప్పుడు వెనకనుంచి బ్రోగన్ వచ్చి కలిశాడు, మెడలో రిబ్బన్ల కట్టతో.

"మీరే ఆఖరు మార్లిస్ గారూ. కానివ్వండి, అందుకుంటారు!"

"నేనెలా ఆఖరవుతానయ్యా? పసుపు టోపీ పిల్ల ఒకతె ఒడ్డు దగ్గర పొదల చాటుకి ఒంటికెళ్లింది. బయటికొచ్చిందా?"

"నాకెవరూ కనపళ్లేదే. రిబ్బన్లన్నీ విప్పేశా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! విప్పేముందు ఒక్క కేకెయ్యాలని తెలీదూ?"

బ్రోగన్ మొహం పాలిపోయింది. "నేను వెనక్కెళ్తా, మీరు పదండి."

"అక్కడ దారి మూడుగా చీలుతుంది. నువ్వెళితే ఇద్దర్ని వెతుక్కోవాలి. పో, డెన్నీకి చెప్పు."

గడియారం చూసుకుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. అయినా వెనక్కి తిరిగింది.

పసుపు టోపీ పిల్ల తప్పుదారిలో దిగిపోయి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగ మీద కూర్చుని ఏడుస్తోంది. పేరు కోరిన్ అట.

"రిబ్బన్లేవండీ? నాకే మతిపోయిందనుకున్నా."

"రిబ్బన్లెందుకే, నేనున్నాగా. ఇదిగో, ఈ ఉప్పద్దిన ఉడికిన బంగాళాదుంప ముక్క నోట్లో వేసుకుని లే."

ఇద్దరూ చేరేసరికి నాలుగు గంటల నలభై నిమిషాలు. మార్లిస్ అలవాటు కొద్దీ కోరిన్‌ని ముందు గీత దాటించి, వెనకాల తను దాటింది.

డెన్నీ తలొంచుకున్నాడు. "పేరు రాయలేను మార్లిస్. రూలు నీకు తెలుసు."

"తెలుసులే" అంది. బాధ లేదంటే అబద్ధం. 

అంతలో బోర్డు అడుగున చూపు పడింది. అడవిలో మిగిలినవాళ్లు: రెండు.

"రెండేమిటయ్యా! నన్నూ లెక్కేశావా? ఈ అడవిలో నేనెప్పుడు తప్పిపోయాను?"

చొక్కా చేత్తో ఆ రెండుని తుడిచేసింది. డెన్నీ చేతిలో సుద్దముక్క లాక్కుని, ఎప్పటికంటే పెద్ద సున్నా చుట్టింది.