మా అత్త చేసిన దయ్యం

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "అవ్వా, ఇదెవరో చెప్పు" అనింది. చూస్తే నేనే. ఈమధ్య ఒక పెళ్ళిలో తీసిన ఫొటో. పట్టుచీర అలాగే ఉంది గాని ఒళ్ళంతా పొగలాగా పలచబడి, వెనకున్న అరటిచెట్టు నా కడుపులోంచి కనిపిస్తోంది. నేను చూస్తూ ఉండగానే ఫొటోలోని నా కళ్ళు తెల్లబడ్డాయి, తల ఒక పక్కకు వాలింది, నోరు మెల్లగా తెరుచుకుంది. ఇదంతా ఫోనులో చెయ్యడానికి కాఫీ చల్లారేంతసేపు కూడా పట్టలేదట. నేను కేక పెడతానని కాసేపు ఎదురుచూసి, పెట్టకపోయేసరికి, "భయం వెయ్యలేదా?" అని మొహం చిన్నబుచ్చుకుంది. "భయమెందుకే? నేను పదిహేడేళ్ళకే ఒకసారి దయ్యాన్నయ్యాను. నన్ను చూసి సగం మిల్లు జడుసుకుంది" అన్నాను. అది నమ్మలేదు. నమ్మించాలంటే మా అత్త గురించి చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టానంటే నేను తొందరగా ఆపనని మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, ఆ పూట వంట మా కోడలు చేసింది.

అత్తంటే మా నాయనకు చెల్లెలు. మేము కోయంబత్తూరుకు ఎన్ని తరాల కిందట వచ్చామో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. మా తాతకు జవుళి అంగడి ఉండేది. నాయనకు బట్టలు కొలవడం మీద మనసు లేక, మిల్లు గేటుకు ఎదురుగా ఫొటో స్టూడియో పెట్టాడు. మిల్లు సంగు, అదే సైరను, ఊదగానే షిఫ్టు విడిచిన జనం తలమీద దూది పీచుతో, ముసలితనం ముందే వచ్చినవాళ్ళలా బయటకు వచ్చేవాళ్ళు. జీతం అందిన రోజున మటుకు తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని మా స్టూడియోకి వచ్చేవాళ్ళు. పైన అద్దాల కప్పు, కింద ఒక వంకర కాళ్ళ స్టూలు, వెనక తాజ్ మహలు గీసిన తెర. ఆ తెరలో ఒక మినారు కొంచెం ఒరిగి ఉండేది. అది గీసినవాడు బంధువు కావడంతో నాయన ఏమీ అనలేకపోయాడు.

అత్తను పొల్లాచ్చిలో కొబ్బరి మండీ ఉన్న ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన కొంతకాలానికే మామ జ్వరంతో పోయాడు. తిరిగి మా ఇంటికొచ్చిన అత్తను చూసినవాళ్ళంతా నాలుక చప్పరించి "పావం" అనేవాళ్ళు. ఆ మాట వినలేక ఆమె స్టూడియో వెనక గదిలోకి పోయి కూర్చునేది. ఊరికే కూర్చోవడం చేతకాక నాయన దగ్గర నెగటివులు దిద్దే పని నేర్చుకుంది. సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివు మీద చుక్కలు చుక్కలుగా పెట్టి మొటిమలు, అమ్మవారి మచ్చలు, కళ్ళకింద నలుపు మాయం చేసేది. ముందు గదిలో నాయన తీసిన ముఖాలు వెనక గదిలో అత్త చేతిలో పడి పదేళ్ళు వయసు తగ్గించుకుని బయటకు వచ్చేవి. జనం నాయనను మెచ్చుకునేవాళ్ళు. నాయన తలూపి ఊరుకునేవాడు. తెర వెనక ఒక ఆడమనిషి ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

మిల్లులో ఆయుధపూజ అంటే పెళ్ళిసందడే. యంత్రాలన్నిటికీ పసుపు కుంకుమ, అరటిపిలకలు, పొరి అనే బొరుగులు, బెల్లం. సాయంత్రం కార్మికుల నాటకం. ఆ ఏడు నాటకంలో, ఆస్తి కోసం చెల్లెలి చావుకు కారణమైన అన్నను ఆమె దయ్యం వచ్చి నిలదీయాలి. నాటకం నేర్పే మాస్టరు, అందరూ వాత్తియారు అని పిలిచే ఆయన, ఫొటోలు తీయించే పనిమీద స్టూడియోకి వచ్చి, దయ్యానికి తెల్లదుప్పటి కప్పి ఒకణ్ణి నిలబెడతానని నాయనతో చెప్తున్నాడు. తెర వెనకనుంచి అత్త గొంతు వినబడింది. "దుప్పటి కప్పుకున్న మగవాణ్ణి చూసి ఎవరు బెదురుతారు? నవ్విపోతారు. దయ్యాన్ని నేను చేసిస్తా." వాత్తియారు ఉలిక్కిపడి తెరవైపు చూశాడు. దయ్యం అప్పుడే వచ్చిందనుకున్నాడేమో. నాయన గొంతు సవరించుకుని, "మా చెల్లెలు" అన్నాడు. కొంచెం ఆగి, "చేస్తానంటే చేస్తుంది" అని కూడా అన్నాడు.

దయ్యానికి మనిషి కావాల. ఇంట్లో ఒడ్డూపొడుగూ ఉండి, చెప్పినట్టు నిలబడేదాన్ని నేనే. అత్త నాకు మిల్లు మల్లుగుడ్డ చీరలాగా చుట్టి, జుట్టు విరబోసి, నల్లగుడ్డ ముందర నిలబెట్టింది. కెమెరా కంటికి పలచని గుడ్డ కట్టింది. "ముఖం తెలియకూడదు అమ్మిణీ. తెలిస్తే నువ్వే, తెలియకపోతేనే దయ్యం" అనింది. చెయ్యి కిందున్నప్పుడు ఒకటి, కొంచెం లేపినప్పుడు ఒకటి, తల వాల్చి ఒకటి, వేలు చూపిస్తూ ఒకటి, ఇలా తీసి, వాటిని అద్దపు పలకల మీదకు ఎక్కించి, జుట్టు చివర్లు గాలికి ఆడినట్టు ఒక్కొక్క పలక మీద సన్నటి కుంచెతో వేరువేరుగా గీసింది. బొమ్మలు చూపించే లాంతరు యంత్రాలు రెండు కావలసి వచ్చాయి. ఒకటి మిల్లు క్లబ్బుది, ఇంకొకటి పాతిరిమారు, అంటే చర్చి ఫాదర్లు, నడిపే బడిలోనిది. ఒకదాని ముందు అరచెయ్యి మెల్లగా అడ్డం పెడుతూ రెండోదాని ముందునుంచి తీస్తే, ఒక బొమ్మ ఇంకో బొమ్మలోకి కరిగిపోయి, దయ్యం చెయ్యి తనంతట తానే లేచేది. రెండు యంత్రాలనూ కండెలు మోసే తోపుడుబండి మీద బిగించింది. తెర వెనకనుంచి వెలుగు పడుతుంది కాబట్టి, బండిని వెనక్కి లాగేకొద్దీ దయ్యం పెరిగి పెద్దదై జనం మీదకు వస్తుంది. ఇది కనిపెట్టిన రోజున అత్త నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. మామ పోయాక ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

నాటకం నాడు మిల్లు మైదానం నిండిపోయింది. పొద్దు వాలి, దీపాలార్పగానే పాడుబడిన బంగళా తెరమీద ముందొక పొగ చుక్క. అది మనిషయింది. తల వాల్చింది. చెయ్యి లేచింది. వేలు చూపిస్తూ ముందుకొచ్చింది. అన్న వేషం వేసిన ఫిట్టరుకు అంతా ముందే తెలుసు. అయినా నిజంగా కేకపెట్టి వేదిక మీదనుంచి దూకాడు. ఆ కేకలో మాటలు మరిచిపోయినా ఎవరికీ తెలియలేదు. తెర వెనక అత్త చేతులు రెండు యంత్రాల ముందు నాట్యం చేస్తున్నాయి. బండి లాగుతూ నన్ను నేనే చూసుకుని నాకు ఒళ్ళు జలదరించింది. నాటకం అయిపోయాక మిల్లు మేనేజరు లేచి, ఆ దయ్యాన్ని చేసిందెవరని అడిగాడు. నాయన బెంచీ మీదకు ఎక్కి నిలబడ్డాడు. మామూలుగా పక్కవాడికి కూడా వినబడకుండా మాట్లాడే మనిషి, మైదానం చివరిదాకా వినబడేట్టు, "నా చెల్లెలు సార్!" అన్నాడు. చప్పట్లు కొడుతుంటే అత్త కొంగు తలమీదకు లాక్కుని వేదిక మీదకు వచ్చి నిలబడింది. తెర ముందుకు ఆమె రావడం అదే మొదటిసారి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున మిల్లు రీలింగు ఖాతాలో, అంటే నూలును చిలపలుగా చుట్టే చోట, ఆడవాళ్ళు ఒక మూలకు పోమన్నారు. ఆ మూల యంత్రం మీద పనిచేసిన ఒకామె అంతకుముందు వానాకాలంలో జ్వరంతో చనిపోయింది. పొడుగాటి మనిషి. తెరమీద వచ్చింది ఆమేనని, స్టూడియో అమ్మ చచ్చినదాన్ని లేపిందని మాట పుట్టింది. మొదట అన్నదెవరో తెలియదు. మధ్యాహ్నానికి అందరూ తామే చూశామన్నారు. పనికి దిగనివాళ్ళు మళ్ళీ రానక్కరలేదని మేస్త్రీ చెప్పేశాడు. అందరికంటే నలిగిపోయింది ఆ చనిపోయినామె కూతురు. ఆ పిల్లా రీలింగులోనే చేసేది. మిల్లు కట్టించిన లైను ఇళ్ళలో ఉండే కిరస్తానీ కుటుంబం, ఇంట్లో మన తెలుగే. తల్లికి చెయ్యాల్సినవి సరిగ్గా చెయ్యలేదు, అందుకే తిరుగుతోందని చుట్టుపక్కలవాళ్ళు పొడిచిన పోట్లకు ఆ పిల్ల తిండి మానేసింది.

నాయన భయపడిపోయాడు. అత్తను పిలిచి, "పాపా, ఈ దయ్యాల పని ఇంక మనకొద్దు. నాలుగు రోజులు తలుపు మూసుకుని కూర్చుందాం" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "చేసింది నేను అన్నా. పంపించాల్సింది కూడా నేనే" అని చెప్పులేసుకుని లైను ఇళ్ళకు బయలుదేరింది. తోడుగా నేను పోయాను. ఇంటింటి ముందరా నిలబడి, "ఆదివారం పొద్దున స్టూడియోకి రండి. దయ్యాన్ని ఎట్లా చేస్తారో చూపిస్తా. కావాలంటే మిమ్మల్నే చేస్తా" అని పిలిచింది. కొందరు తలుపు వేసుకున్నారు. ఒక ముసలామె మా వెనకనుంచి ఉప్పు విసిరింది. అత్త వెనక్కి తిరిగి, "ఉప్పు వేస్ట్ చెయ్యొద్దు ఆయా, ఆదివారం టిఫిను నా ఇంట్లోనే" అనింది.

టిఫినుకో దయ్యానికో, ఆదివారం చాలామందే వచ్చారు. అత్త వాళ్ళ ముందర మొదట నన్ను నిలబెట్టి, "ఇదిగో మీ దయ్యం, ముట్టి చూడండి" అనింది. ముట్టడమేమిటి, గిల్లారు కూడా. తరువాత మేస్త్రీ పెళ్ళాన్ని, మంచి భారీ మనిషిని, స్టూలు మీద కూర్చోబెట్టి, సగంసేపు వెలుగు తాకనిచ్చి, కెమెరా కన్ను మూసి, ఆమెను లేపి, ఖాళీ స్టూలు మీద మిగతా సగంసేపు తెరిచి పెట్టింది. నెగటివు ఆరేదాకా అందరికీ ఇడ్లీ, కాఫీ. తరువాత ఇద్దరిద్దరిని ఎర్రదీపం గదిలోకి తీసుకుపోయి, మందునీళ్ళలో తెల్లకాగితం మీద ఆమె మెల్లగా తేలుతుంటే చూపించింది. ఆమె కడుపులోంచి స్టూలు వంకర కాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ నవ్వులకు మిల్లు గేటు కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. ఇక ఆగితే ఒట్టు. "నన్ను చెయ్యక్కా, నన్ను చెయ్యి" అని కొంగులు సర్దుకుని వరుస కట్టారు. మరుసటి రోజునుంచి రీలింగు ఖాతా మామూలుగా నడిచింది. చాలా లైను ఇళ్ళ గోడల మీద దేవుడి పటాల పక్కన ఆ ఇంటి ఇల్లాలి దయ్యం పటం కూడా వేలాడింది.

నవ్వనిది తల్లి పోయిన ఆ రీలింగు పిల్ల ఒక్కతే. అందరూ పోయాక తలుపు దగ్గర నిలబడి అడిగింది. "అయితే అది మా అమ్మ కాదా అక్కా?"

"కాదమ్మా. ఇది మా అమ్మిణి."

"నాకు భయమెయ్యలేదక్కా. మా అమ్మే వచ్చిందనుకున్నా. సంతోషపడినా. ఇంకోసారి చూపించమని అడగాలని వచ్చినా. మా ఇంట్లో అమ్మ పటం ఒకటి కూడా లేదు. ముఖం నాకు మరుపొస్తా ఉండాది."

అత్త ఆ పిల్లను కూర్చోబెట్టి రెండు ఇడ్లీలు తినిపించింది. ఆ పిల్ల పోయాక నెగటివుల పెట్టెలన్నీ కింద పరిచింది. రీలింగు ఖాతా వాళ్ళకు పాత ఆయుధపూజకు తీసిన గుంపు ఫొటో ఒకటి ఉంది. గుంపులో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారని నాయన ఎప్పుడూ రెండు తీసేవాడు. ఒకదానిలో ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఇంకొకదానిలో కళ్ళు తెరిచింది గాని, ముందరున్న మనిషి కొప్పు నోటికి అడ్డమొచ్చింది. రెంటిలోనూ ముఖం వేలిగోరంత. అత్త ఒకదానినుంచి కళ్ళు, ఒకదానినుంచి నోరు, గడ్డం పెద్దవిగా చేసి, కత్తిరించి, అతుకు కనపడకుండా కలిపి, మళ్ళీ ఫొటో తీసి, ఆ నెగటివు మీద పెన్సిలు పట్టుకుని కూర్చుంది. దయ్యం అంత త్వరగా తయారయింది, ఈ ముఖం మటుకు రోజుల తరబడి కుదరలేదు. నాయన ముందు గదినుంచి వచ్చి చూసి, దీపం కొంచెం దగ్గరికి జరిపి పోయేవాడు.

పటం చూపించినప్పుడు ఆ పిల్ల దాన్ని వెలుగుకు ఎత్తి పట్టి చూసింది. చివరికి, "గడ్డం కింద మా అమ్మకు మచ్చ ఉండాదే" అనింది. అత్త నాలుక కరుచుకుంది. మచ్చలు మాయం చేసీ చేసీ అలవాటైన చెయ్యి దాన్నీ మాయం చేసింది. లోపలికి పోయి నెగటివు మీద ఆ చోట పెన్సిలు తుడిచేసి ఇంకో ప్రతి వేసుకొచ్చింది. ఇంకా తడిగా ఉన్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆ పిల్ల, "ఇప్పుడు మా అమ్మ" అని ఏడ్చేసింది. అత్తా ఏడ్చింది. నేనూ. నాయన బయట ఎండలో నిలబడి అద్దాల తలుపు తుడుస్తూ ఉండిపోయాడు. తరువాతి నెలలో స్టూడియో బోర్డు తిరగరాయించి, తన పేరు కింద అత్త పేరు వేయించాడు. మా వైపు ఊళ్ళలో ఆడమనిషి పేరున్న స్టూడియో బోర్డు నేను ఇంకెక్కడా చూడలేదు. మదురై నుంచి, తేని నుంచి కూడా జనం చిరిగిన పటాలు, పోయినవాళ్ళ ముఖాలు పట్టుకుని, ఆ బోర్డు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

అత్త పోయిన ఏటికి మిల్లూ మూతపడింది. ఆమె కర్మ జరిగిన రోజున ఒక నెరిసిన జుట్టు మనిషి మా ఇంటికొచ్చి, చేతిసంచిలోంచి ఒక పటం తీసి చూపిస్తే గాని ఆ రీలింగు పిల్లని పోల్చుకోలేకపోయాను. పటంలోని తల్లి పక్కన ఆమె ముఖం పెట్టి చూస్తే తల్లి కూతురిలా, కూతురు తల్లిలా ఉన్నారు. "మా అమ్మ నాకంటే చిన్నదైపోయిందక్కా" అని నవ్వింది. పోయినవాళ్ళు ఆగినచోటే ఆగి ఉంటారు, ఉన్నవాళ్ళమే రోజుకింత వాళ్ళ వయసు దాటుకుంటూ పోతాం. కాలం చేసే ఈ పనిని దిద్దే పెన్సిలు మా అత్త దగ్గర కూడా లేదు.