కూనిరాగాల లెక్క

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు నిండిన వేసవిలో, మా అమ్మమ్మగారింట్లో ఉన్న మనుషులు నలుగురు: అమ్మమ్మ, మావయ్య, అత్త, నేను. వస్తువుల్లో ఇక్కడ చెప్పుకోవలసినవి ఐదు: అటక మీద సుమారు నాలుగు వేల కొబ్బరికాయలు, అటకెక్కే వెదురు నిచ్చెన, నిచ్చెన పక్కన ఒక టేకు స్తంభం, వంటింట్లో బొగ్గుల డబ్బా, మంచం కింద విమానం చీటీ ఇంకా ఊడదీయని నీలం సూట్‌కేసు. పక్కింటి తాతగారిని కూడా కలిపితే మనుషులు ఐదుగురవుతారు. ఆయనది పేరుకే పక్కిల్లు. కాఫీ వేళకి మాత్రం మా అరుగు మీదే ఉండేవారు.

ఊరు అంబాజీపేటకి రెండు మైళ్ళ దూరం. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలోలాగే మా అమ్మమ్మ కూడా తోటలో దింపు తీసిన, అంటే చెట్ల మీంచి కోయించిన, కాయల్లో కొన్నింటిని అమ్మకుండా అటక మీద పోయించేది. దాదాపు ఏడాది అవి అక్కడే ఉంటే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండ్రటి బంతిలా విడిగా ఉండిపోతుంది. దాన్నే కురిడీ అంటారు. అయిందో లేదో పైకి చూస్తే తెలియదు. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినాలి. మొదట నీళ్ళ చప్పుడు వస్తుంది. తర్వాత కొన్ని నెలలు ఏ చప్పుడూ ఉండదు. చివరికి గటగటమని కొట్టుకుంటుంది. అప్పుడు కొట్టాలి.

మావయ్య ఎనిమిదేళ్ళుగా గల్ఫులో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక పెద్ద దుకాణాల భవనంలో, నేలకింద గదిలో, పదహారు తెరల ముందు కూర్చుని ఎవరు ఎటు నడుస్తున్నారో చూడడం అతని పని. ఏసీ గది, తెల్ల చొక్కా, మెత్తని కుర్చీ. అక్కడ మా ఊరివాళ్ళు ఇంకా చాలామంది ఉండేవారు. వాళ్ళు ఎండలో ఇనుము మోసేవారు. అందుకని మావయ్యది అదృష్టమని ఊరంతా అనేది. అనడమే కాదు, నిజంగా అదృష్టమే. ఆ మాట నేను ఇప్పటికీ కాదనను. ఒకసారి నేను ఏం పని చేస్తావని అడిగితే, ‘ఏమీ జరక్కుండా చూడ్డం’ అన్నాడు. ఏమైనా జరిగిందా అంటే, కాసేపు నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, లేదన్నాడు.

రెండు నెలల సెలవు మీద వచ్చాడు. చెప్పిన తేదీకి తిరిగి వెళ్ళకపోతే వీసా పోతుంది. నేను వెళ్ళేసరికి ఆ తేదీకి పదిహేడు రోజులు మిగిలి ఉన్నాయి.

మొదటి రోజు సాయంత్రమే అమ్మమ్మ నన్ను పెరట్లోకి పిలిచి చేతిలో ఒక బొగ్గు ముక్క పెట్టింది. మావయ్య కూనిరాగం తీసినప్పుడల్లా నిచ్చెన పక్కనున్న స్తంభం మీద, పైకెక్కేవాళ్ళకి కనబడని వైపు, ఒక గీత గీయమంది. ఎందుకని అడిగితే, “నీకు లెక్కలంటే ఇష్టం గదా నానా, అందుకు. మీ మావయ్యతో మాత్రం అనకు. తెలిసిందంటే ఆపేస్తాడు” అంది. అంతే. ఏ పాట అన్నది అవసరం లేదని కూడా చెప్పింది.

నాకు అప్పటికే ప్రతిదానికీ జాబితా రాసే అలవాటు ఉండేది. మా అమ్మ దాన్ని రోగమనేది. అమ్మమ్మ దానికి పని కల్పించింది. ఉత్త గీతలు నాకు సరిపోలేదు. నియమాలు పెట్టుకున్నాను. ఊపిరి కోసం ఆగి మళ్ళీ అందుకుంటే అదే పాట. ఎవరితోనైనా మాట్లాడి మళ్ళీ మొదలుపెడితే కొత్త గీత. ఈల వేస్తే కూడా లెక్కే. తర్వాత, ఎక్కడ పాడాడన్నది కూడా రాయాలనిపించి స్తంభాన్ని వరసలుగా విడదీశాను: అటక, స్నానం, ఫోను, సూట్‌కేసు, బయట.

మావయ్య పొద్దున్నే కాఫీ తాగి అటకెక్కేవాడు. ఎవరూ ఎక్కమనలేదు. కాయల్ని ఏ దింపువి ఆ దింపుగా విడదీసి, మధ్యలో మనిషి నడిచే దారి వదిలి, ఎలుక కొట్టినవి ఏరి కింద పడేసేవాడు. ఒక్కొక్క కాయనీ చెవి దగ్గర ఊపేవాడు. గటగటమన్న వాటికి సున్నం బొట్టు పెట్టేవాడు. పెంకుల కింద ఉడుకుతుంది. చొక్కా విప్పి తువ్వాలు నడుముకు చుట్టుకుని, ఒంటినిండా పీచుతో, కింద నిచ్చెన దగ్గరున్న నాకు వినబడేంతగా ఏదో ఒకటి పాడుతూనే ఉండేవాడు. గొంతు బాగుండేది కాదు. నేను గీతలు గీస్తూ ఉండేవాణ్ణి.

పక్కింటి తాతగారు అరుగు మీంచి తలెత్తి, “ఏవయ్యా, ఏసీలో పెరిగిన ఒళ్ళు, అటక మీద నువ్వు కూడా కురిడీ అయిపోతావేమో చూసుకో!” అనేవారు. మావయ్య పైనుంచి, “ఆయ్, మీరొచ్చి ఊపి చూడండి బాబాయిగారూ!” అనేవాడు. అది పాట మధ్యలో మాట కాబట్టి, తర్వాతది కొత్త గీత.

టిక్కెట్టు ఖాయం చేయించుకోవడానికి ఒకరోజు రావులపాలెం వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు. అరటి గెలల లారీలు అడ్డం తిరిగి బస్సు అరగంట ఆగిపోయినా ఒక్క మాట మాట్లాడలేదు. టిక్కెట్ల దుకాణంలో అడిగినవాటికి అవునండి, కాదండి అన్నాడు. వచ్చేటప్పుడు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీకి ఎత్తుతుంటే చూసి, మా ఊరు రాకుండానే బస్సు దిగిపోయాడు. ఒక కూలీ కాయలు రెండు చేతుల్లో మూడేసి చొప్పున పట్టి విసురుతుంటే, పైనున్నతను ఒక్కటీ జారకుండా పట్టుకుంటున్నాడు. మావయ్య చాలాసేపు చూశాడు. ఇంటికి రెండు మైళ్ళూ నడిచాం. దారిలో రెండుసార్లు పాడాడు. ఇంటికి రాగానే వాటిని ‘బయట’ వరసలో వేశాను.

తేదీకి మూడు రోజులుందనగా, మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్య అడిగేశాడు. తలెత్తకుండా, అన్నం కలుపుతూ, “అమ్మా, నేను వెళ్ళకపోతే ఏవౌద్దే?” అన్నాడు.

వడ్డిస్తున్న అత్త చెయ్యి ఆగిపోయింది. “ఏవౌద్దో ఊరంతా చెప్తారండి. ఏదో తప్పు చేస్తే పంపించేసేరంటారు. నేను నీళ్ళకెళ్ళిన చోటల్లా అడుగుతారు” అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఎనిమిదేళ్ళు ఒంటరిగా ఆ ఊళ్ళో మసలింది ఆవిడ. భర్త ఉద్యోగం గురించి నలుగురూ గొప్పగా చెప్పుకోవడమే ఆ ఎనిమిదేళ్ళకీ ఆవిడకి దక్కింది. అది పోతే ఏం మిగులుతుందని ఆవిడ భయం. అప్పుడు నాకు తెలియలేదు.

అరుగు మీదున్న తాతగారు పిలవకుండానే గుమ్మంలోకి వచ్చారు. “నీకేం తక్కువయ్యిందయ్యా అక్కడ? ఎండ లేదు, బరువు లేదు, తుడుచుకోడానికి చెమట కూడా లేదు. తిట్టేరా ఎవరైనా?”

“లేదండి.”

“జీతం ఆపేరా?”

“లేదండి. బాగానే చూస్తారండి.”

“మరింకేవిటి?”

మావయ్య నోరు తెరిచాడు, మూసుకున్నాడు. ఎవరైనా కొట్టి ఉంటే చెప్పుకునేవాడు. బాగా చూసుకునే చోట ఎందుకు ఉండలేకపోతున్నాడో చెప్పడానికి అతనికి మాటలు దొరకలేదు. చివరికి, “ఏవీ లేదులెండి. ఊరికే అన్నాను. వెళ్తాను” అని కంచం ముందు నుంచి లేవబోయాడు.

అమ్మమ్మ “కూచో” అంది. నా వైపు తిరిగి, “నానా, ఆ లెక్క చదువు” అంది.

నేను ఎంగిలి చెయ్యి కడుక్కుని స్తంభం దగ్గర నిలబడ్డాను. అటక ఎనభై మూడు, స్నానం ఆరు, బయట రెండు, ఫోను సున్నా, సూట్‌కేసు సున్నా అని చదివాను. మొత్తం తొంభై ఒకటి అని నేనే కలిపి చెప్పాను. ఏమిటివని తాతగారు అడిగారు. పద్నాలుగు రోజుల్లో మావయ్య పాడిన పాటలని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు.

మావయ్య స్తంభం వైపు చూస్తూ, “నేనా? నేనెప్పుడు పాడేనే?” అన్నాడు. అతను నటించడం లేదు. నిజంగానే అతనికి తెలియదు.

“పాడతారండి” అంది అత్త. ఆ మాట ఆవిడే అంటుందని ఎవరూ అనుకోలేదు. “పెళ్ళైన కొత్తలో పాడేవారు. సెలవుల్లో వచ్చినప్పుడల్లా మళ్ళీ వినపడతారేవో అనుకునేదాన్ని. ఈసారే వినపడ్డారు.” చేతిలో గరిటె అలాగే ఉంది. కూర చల్లారిపోయింది.

అప్పుడు అమ్మమ్మ తాతయ్య సంగతి చెప్పింది. నేను పుట్టకముందే పోయిన తాతయ్య. అమలాపురంలో ఇరవై ఎనిమిదేళ్ళు గుమాస్తా పని చేశారు. ఒక్కరోజు పని ఎగ్గొట్టలేదు, ఒక్కరోజు విసుక్కోలేదు. రిటైరైన మర్నాడు పెరట్లో కొబ్బరి మొక్కకి పాదు తవ్వుతూ పాట ఎత్తుకున్నారట. “మీ నాన్నకి గొంతుందని నాకు ఆ రోజే తెలిసిందిరా. తర్వాత నాలుగేళ్ళే ఉన్నారు. కాయని కూడా చెవి దగ్గర పెట్టుకుని వింటాం. మనిషిని వినలేదు నేను” అంది. ఉండమని గానీ వెళ్ళమని గానీ కొడుక్కి చెప్పలేదు. లేచి తన కంచం తనే తీసుకెళ్ళింది.

అత్త ఆ సాయంత్రానికి ఒక షరతు పెట్టింది. ఒక్క కురిడీ కాలం. ఆ నెల దింపు తీసిన కాయలు అటకెక్కి, ఎండి, కొట్టేదాకా చూద్దాం, అప్పటికీ కుదరకపోతే మళ్ళీ వేరే వీసా చూసుకోవాలి, అంది. మావయ్య సరేనన్నాడు. మూడోరోజు విమానం వెళ్ళిపోయింది. సూట్‌కేసులో అత్త చలికాలం దుప్పట్లు పెట్టింది.

ఇక్కడితో అంతా బాగుపడిందని రాస్తే అబద్ధమవుతుంది. మావయ్య మొదటి ఏడాదే పెద్ద తప్పు చేశాడు. పక్క ఊళ్ళ కాయలు కూడా కొని అటక నింపాడు. ఎనిమిదో నెలకి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. గటగటమనేదాకా ఆగాలని తెలిసినా, చప్పుడు ఆగింది కదా, ఎండిపోయే ఉంటాయనుకుని, తొందరపడి ఆరువందల కాయలు కొట్టించాడు. లోపలి కొబ్బరి ఇంకా చిప్పని వదల్లేదు. ఒక్క బంతి కూడా గుండుగా రాలేదు, అన్నీ ముక్కలు. తాతగారు వారం రోజులపాటు ఆ ముక్కల గురించే మాట్లాడారు. చప్పుడు లేకపోవడం వేరు, విడిపోవడం వేరు అని చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి, అలాంటిది ఆ ఊళ్ళో పుట్టి, అన్ని కాయలు ఊపి చూసినవాడు మరిచిపోవడమేమిటని.

మరుసటి వేసవి నేను వెళ్ళగానే అత్త నన్ను స్తంభం దగ్గరికి తీసుకెళ్ళింది. నా గీతల కింద ఇంకా చాలా గీతలున్నాయి. నావిలా వరసలు లేవు, నియమాలు లేవు, కొన్ని వంకర. అవన్నీ ఆవిడ గీసినవి. ఒకచోట వేలు పెట్టి, ఇవి ఆ ఆరువందల కాయలు పాడైన రోజువి అంది. మూడున్నాయి. వేరే వీసా గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేను ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఏడేళ్ళు ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో పని చేశాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. మంచి కంపెనీ, మంచి మనుషులు. ఎవరూ తిట్టలేదు. ఏం తక్కువని ఎవరైనా అడిగితే నేనూ మావయ్యలాగే నోరు తెరిచి మూసుకునేవాణ్ణి. ఫిర్యాదు లేదు కాబట్టి తృప్తిగానే ఉన్నాననుకున్నాను. కాయ చప్పుడు ఆగితే ఎండిందని మావయ్య అనుకున్నట్టే.

పెళ్ళైన కొత్తలో ఈ స్తంభం కథ నా భార్యకి చెప్పాను. చెప్పి మరిచిపోయాను. మూడేళ్ళ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ తన ఫోను నా ముందు పెట్టింది. అందులో ముప్పై తేదీలు, ప్రతి తేదీ ఎదురుగా ఒక అంకె ఉన్నాయి. నేను చూసి, ఇదేమిటని అడగబోయి, అడగలేదు. అన్నీ సున్నాలే.

ఇప్పుడు అమలాపురంలో ఒక ఐటీఐలో మోటార్ల వైండింగు నేర్పుతున్నాను. జీతం తగ్గింది. భార్యకి మొదట్లో భయం వేసింది, దాన్ని ఆవిడ దాచలేదు, నేనూ కొట్టిపారెయ్యలేదు. అత్త అడిగినట్టే ఆవిడా ఒక గడువు అడిగింది. రెండేళ్ళు. అందులో పద్నాలుగు నెలలు అయ్యాయి. మావయ్య చేసిన తప్పు గుర్తుంది కాబట్టి మధ్యలో తేల్చుకోను. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో కూడా ఎవరైనా ఏ గొడవా చెయ్యకుండా మౌనంగా కూర్చుంటే, బాగున్నాడనుకుని వదిలెయ్యను. దగ్గరికెళ్ళి వింటాను.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ స్తంభం ఉంది. ఇంటికి రంగులు వేయించినప్పుడల్లా అత్త దానికి ఒక మూర మేర రంగు పడకుండా దగ్గరుండి చూసుకుంటుంది. మా వంటింటి గోడ మీది కాలెండరులో తేదీల కింద నా భార్య గీసిన చిన్న చిన్న పెన్సిలు గీతలుంటాయి. తెలిస్తే లెక్క పాడవుతుందని నేను నెల మధ్యలో చూడను. నెల మారాకే కూడుతాను.

పోయిన నెల, నలభై ఏడు.