బారు లేని సైకిలు

నా ఎత్తు ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. ఈ ముక్క ఇంత తేలిగ్గా చెప్పడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. అంతకు ముందు ఎవరైనా అడిగితే "ఐదడుగులు" అనేసేవాణ్ణి. అడిగినవాడు నా నడినెత్తి మీద చూపు పెట్టి మరీ నవ్వేవాడు. ఇప్పుడు ఎవడు నవ్వినా నాకు పోయేదేమీ లేదు. ఆ ధైర్యం నాకు ఒక పాత లేడీస్ సైకిలు వల్ల వచ్చింది.

మా నాన్న పోర్టులో మూటలు మోసే కళాసీ. సబ్బవరం దగ్గర ఉన్న కాస్త పొలం తమ్ముడికి వదిలేసి, పని వెతుక్కుంటూ విశాఖపట్నం వచ్చి గోపాలపట్నంలో కాపురం పెట్టాడు. మా ఇంట్లో ఒంటికి సంబంధించింది ఏది కొన్నా రెండు సైజులు పెద్దది కొనడం ఆచారం. చొక్కా చేతులు లోపలికి మడిచి కుట్టించేవారు. చెప్పులు జారకుండా ముందర గుడ్డపేలికలు కుక్కేవారు. "ఎదిగే పిల్లాడు" అనేది నాన్న మంత్రం. అందరిళ్ళలోనూ ఇదే తంతు, కాదనను. కాకపోతే అందరి పిల్లలూ ఎదిగారు.

నేను పదో తరగతి పాసైన ఏడు నాన్న ఇరవై నాలుగంగుళాల జెంట్స్ సైకిలు కొనుక్కొచ్చాడు. కొత్తది, నల్లగా నిగనిగలాడుతూ దున్నపోతులా వాకిట్లో నిలబడింది. నేను పక్కన నిలబడితే దాని సీటు నా రొమ్ము దాకా వచ్చింది.

"రెండేళ్ళల్లో అందుతాది ఒరే," అన్నాడు నాన్న. "అప్పుడు సైకిలే సిన్నదయిపోయిందని నువ్వే ఏడుత్తావు, సూసుకో."

రెండేళ్ళు అయ్యాయి. ఐటీఐ పూర్తయింది. ఓడలు కట్టే యార్డులో ఫిట్టరు ఉద్యోగం వచ్చింది, మీసం వచ్చింది, ఎత్తు మాత్రం రాలేదు. కాళ్ళు అందడం కోసం సైకిలు కొన్నప్పుడే నాన్న పెడళ్ళకి చెక్కలు బిగించి, "కొన్నాళ్ళకే" అన్నాడు. ఆ కొన్నాళ్ళు తొమ్మిదేళ్ళు నడిచాయి. మధ్యలో రెండుసార్లు స్పానరు పట్టుకొచ్చి, "ఈపాలి ఇప్పేద్దునేటి?" అని అడిగాడు. రెండుసార్లూ నా కాళ్ళ వంక చూసి, స్పానరు మళ్ళీ లోపల పెట్టేశాడు.

చెక్కలున్నా సరే, పెడలు కిందికి వెళ్ళిందంటే నడుము కూడా దాని వెంట జారాల్సిందే. అటోసారి, ఇటోసారి, ఇంటి నుంచి యార్డు దాకా అదే ఊగుడు. తొడలు ఒరుసుకుపోయి మండేవి. పగలంతా నా పని షాఫ్టు మీద బేరింగు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం. తేడా ఉంటే ఛార్జ్‌మన్ చేత చీవాట్లు. షిఫ్టు అయ్యాక బయటికొచ్చి, నాకు ఏ కోశానా సరిపోని ఇనుము మీద ఎక్కి ఇంటికి పోయేవాణ్ణి. నిజానికి నేను సిగ్గుపడాల్సింది దీనికి. పడింది మాత్రం నా ఎత్తుకి.

తొక్కడం ఒక ఎత్తయితే ఆగడం ఇంకో ఎత్తు. దారిలో రైల్వే గేటు ఉండేది. ఖనిజం మోసే వ్యాగన్లు పోర్టు వైపు పోతుంటే ఎంతకీ తరిగేవి కావు. షిఫ్టు జనం వందల సైకిళ్ళతో గేటు ముందు పోగయ్యేవారు. అందరూ సీటు మీంచి దిగకుండానే ఒక కాలు నేలకి ఆన్చి, తీరిగ్గా బీడీ వెలిగించుకునేవారు. నేను మాత్రం దూరం నుంచే కాలు పెట్టడానికి ఒక రాయి వెతుక్కోవాలి. రాయి దొరక్కపోతే దూకాలి. దూకితే మళ్ళీ ఎక్కడానికి పది గజాలు పరిగెత్తాలి. ఆ గుంపులో పరుగుకి చోటెక్కడ?

ఎనభైల మొదట్లో, స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో, ఆ రోడ్డు నిండా ఇనుమూ సిమెంటూ మోసే లారీలే. ఒక వానాకాలం పొద్దున్న గేటు దగ్గర నేను కాలు పెట్టిన రాయి జారింది. సైకిలుతో సహా రోడ్డు మీదికి పడ్డాను. వెనక నుంచి మెల్లగా వస్తున్న లారీ చక్రం నా చేతికి జానెడు దూరంలో ఆగింది. క్లీనరు దిగి నన్ను లేవదీశాడు, మంచివాడే. లేవదీసి, "మీ నాన్న సైకిలు తెచ్చేసినావేటి బాబూ?" అని అడిగాడు. మీసం ఉన్న పాతికేళ్ళ మనిషిని! గేటు ముందున్న జనం అంతా గొల్లుమన్నారు. భయం వేయాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, నాకు సరిపోయే సైకిలు కొనుక్కుంటానని చెప్పాను.

"పాతికేళ్ళు దాటినాక కూడా ఎదుగుతారురా," అన్నాడు నాన్న. "మనూర్లో ఒకడు పెళ్ళయినాక ఎదిగినాడు."

"ఆడెవుడో సూపించు నాన్నా."

చూపించలేదు. అసలు ఈ మాటలు చెబుతున్న మనిషి నాకంటే వేలెడు కూడా పొడుగు కాదు. ఆయన సైకిలూ ఇరవై నాలుగంగుళాలదే, దాని పెడళ్ళకీ చెక్కలే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. నేను చిన్న సైకిలు కొనడమంటే, ఇంక ఎదగనని ఆయన మొహం మీద చెప్పడమే. అది తెలిసే బయల్దేరాను.

పెద్ద షాపులో ఇరవై రెండంగుళాలది చూపించి, సీటు పూర్తిగా దించారు. కాళ్ళు అరాకొరా అందాయి గాని, హ్యాండిలు అందుకోవాలంటే దానికి సాష్టాంగపడాలి. దిగబోతే సీటుకీ హ్యాండిలుకీ మధ్యనున్న బారు తగలకూడని చోట తగిలింది. "మగాళ్ళకి ఇంతకన్నా సిన్నది లేదండీ, అలవాటైపోద్ది," అన్నాడు షాపతను. తొమ్మిదేళ్ళు అలవాటు చేసుకుని వచ్చానని చెప్పి బయటపడ్డాను.

అక్కణ్ణించి విశాఖపట్నం పాత ఊర్లో ఒక ముసలి సాయిబు దుకాణానికి వెళ్ళాను. పాత సైకిళ్ళు బాగుచేసి అమ్ముతాడు. తనని అందరూ భాయ్ అంటారని ఆయనే చెప్పాడు. నా ఎత్తు అడగలేదు. "సెయ్యి సాపు," అన్నాడు. నా సైకిలు సీటు నా చంక కిందికి ఆనించి, నా వేళ్ళు పెడళ్ళ మధ్య ఉన్న ఇరుసుకి అందుతాయేమో చూశాడు. జానెడు తక్కువొచ్చాయి. మోచెయ్యి సీటు ముక్కుకి ఆన్చి, వేళ్ళు హ్యాండిలు వైపు చాపమన్నాడు. అవీ అందలేదు. భాయ్ నవ్వాడు గాని, నన్ను చూసి కాదు, సైకిల్ని చూసి.

"దీన్ని నువ్వు తొక్కట్లేదు బాబూ, మోత్తన్నావు," అన్నాడు.

మూలన ఒక ఆకుపచ్చ లేడీస్ సైకిలు ఉంది. సీతమ్మధారలో ఒక టీచరమ్మ మోపెడు కొనుక్కుని దాన్ని అమ్మేసిందట. భాయ్ దాన్ని ముందుకి లాగాడు. సీటు చంక కింద పెట్టుకుని చెయ్యి చాపాను, వేళ్ళు సూటిగా ఇరుసు మీద పడ్డాయి. మోచెయ్యి ఆన్చాను, హ్యాండిలు అందింది. సంతోషం కంటే ముందు నాకు కోపం వచ్చింది. నా కొలతకి సరిపడే సైకిలు ఈ ఊర్లోనే ఉంది, ఆడవాళ్ళదని పేరు పెట్టి నాకు ఇన్నేళ్ళూ చూపించలేదు.

"నవ్వుతారు భాయ్," అన్నాను.

"ఇప్పుడు నవ్వట్లేదేటి?"

సైకిలెక్కి కూర్చున్నాను. సీటు ఇంకా దించమంటే ఆయన ఒప్పుకోలేదు. "మడమ పెడలు మీదెట్టి ఒకపాలి తొక్కి సూడు. కాలు పూర్తిగా సాగాల. మరీ దించేత్తే మోకాళ్ళు పోతాయి. నేలకి మునివేళ్ళు తగిలితే సాలు. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడు, బారు లేదు కదా." నేనూ ఫిట్టర్నే కాబట్టి ఊరికే వదల్లేదు. వెనక నుంచి చూసి చక్రాలు రెండూ ఒక వరసలో ఉన్నాయో లేదో సరిచూశాను. ముందు బ్రేకు పట్టి ఊపితే హ్యాండిలు మెడ దగ్గర టకటకమంది. అక్కడ అరిగిన బేరింగు గోళీలు మార్పించాకే తీసుకున్నాను. నాన్న కొన్న నల్ల సైకిలు అక్కడే అమ్మకానికి వదిలేశాను. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, అబద్ధమెందుకు? అయినా వదిలేశాను.

నాన్న వాకిట్లోనే ఉన్నాడు.

"ఎవురిదది?"

"నాదే."

"నాను కొన్నదేదీ?"

"అమ్మకానికెట్టేసినాను."

ఆకుపచ్చ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తరవాత, "ఆ ఆడసైకిలు నా వాకిట్లో ఉండకూడదు," అని లోపలికి పోయాడు. సరేనని వీధి గోడకి ఆనించాను, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా. వారం రోజులు అది అక్కడే ఉంది. నాన్న నాతో మాట్లాడలేదు, నేనూ దాన్ని దాచలేదు.

యార్డు గేటు దగ్గర మొదటిరోజు పండగే. "ఏటి బావా, సెల్లెమ్మ సైకిలెత్తుకొచ్చినావేటి? పూలు కూడా ఎట్టుకోకపోయావా?" అన్నాడు మా సెక్షన్‌లో వెల్డరు.

"కాళ్ళు నావి, సైకిలు నాది. మధ్యలో నీకేటి బావా నొప్పి?" అన్నాను. నాలుగు రోజులు నవ్వారు, అయిదో రోజుకి విసుగెత్తింది. నాకు మాత్రం తొడల మంట పోయింది, నడుము ఊగడం పోయింది. రైల్వే గేటు పడితే సీటు మీంచి ముందుకి దిగి, రెండు కాళ్ళ మీదా నిలబడి అందరి మొహాల్లోకీ చూసేవాణ్ణి.

ఆదివారం పొద్దున్న సైకిలు తుడుస్తుంటే నాన్న వీధిలోకి వచ్చాడు.

"కళాసీ కొడుకు గాజులేసుకున్నాడంటన్నారు ఒరే. నాను పోర్టులో తలెత్తుకోలేకపోతన్నాను."

"అననీ నాన్నా. లారీ కింద పడితే ఆళ్ళొచ్చి లేవదీత్తారా?"

"నా పొట్టితనం నీకు రాకూడదనే కదరా, అంత పెద్దది కొన్నాను!" అని అరిచాడు.

ఆ మాట మా ఇంట్లో అదే మొదటిసారి వినబడటం. జాలిపడి ఊరుకుంటే ఆయన ఆ సిగ్గుతోనే పోతాడనిపించింది. ఊరుకోలేదు.

"వచ్చింది నాన్నా. నీ ఎత్తే వచ్చింది. నాకేటీ సిగ్గు లేదు. నువ్వు ఈ ఎత్తుతోనే ఓడల్లోంచి మూటలు దింపి మమ్మల్ని పెంచినావు. నాకీ ఎత్తు బాగానే సరిపోయింది. సరిపోనిది నువ్వు కొన్న సైకిలే."

నాన్న నన్ను కొట్టబోతున్నాడేమో అనుకున్నాను. కొట్టలేదు. సైకిలు దగ్గరికొచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ వెనక నుంచి కాలు విసరబోతే, "ముందునుంచే ఎక్కొచ్చు," అన్నాను. బారు లేని ఆ సందులోంచి కాలు దూర్చి సీటు మీద కూర్చున్నాడు. రెండు కాళ్ళ మునివేళ్ళూ ఒకేసారి నేలకి ఆనాయి. ముప్పయ్యేళ్ళుగా సైకిలు తొక్కుతున్న మనిషి, వంగి తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఇంతేనేటి?" అన్నాడు.

"ఇంతే నాన్నా."

ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు మాటలు ఆపి మావైపే చూస్తున్నారు. నాన్న వాళ్ళని చూశాడు. దిగలేదు.