చెవితో చదివే క్రిస్టీనా

ప్రత్తిపాడు క్రిస్టీనాని చిన్నప్పటి నుంచీ మొద్దు అన్నవాళ్ళే గాని, అక్షరాలకీ ఆ పిల్లకీ పేచీ ఏమిటని అడిగినవాళ్ళు లేరు. లైను మారితే చోటు తప్పేది. ఒత్తులన్నీ కలగాపులగమయ్యేవి. దానికి డిస్లెక్సియా అని పేరుందని, యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్రలో చేరాక ఓ డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఆ రోజు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు తిన్న మొట్టికాయలకి జవాబెవరు చెబుతారు?

అప్పటినుంచి ఫోన్లో పుస్తకాన్ని చదివి వినిపించే యాప్ పెట్టుకుంది. ఇయర్‌ఫోన్లో వాక్యం వినడం, వెంటనే పైకి అనడం. ఇది ఆమెకి కొత్తేం కాదు. వాళ్ళ చర్చిలో ఒకరు ముందు చరణం చెబితే, తర్వాత అందరూ పాడతారు. మిరపకోతలకి పోయే నాయనమ్మ పున్నమ్మకి పాటల పుస్తకమంతా అలాగే వచ్చింది. కాపీ కొట్టావని ఆమెనెవరూ అనలేదు.

డిపార్ట్‌మెంట్ హెడ్ రాధాకృష్ణమూర్తి గారు మాత్రం క్రిస్టీనాని అన్నారు. పరీక్షలో ప్రశ్నలు యాప్‌తో చదివించుకోవాలంటే ఆయన సంతకం కావాలి. అది లేకపోతే పరీక్ష గట్టెక్కడం కల్ల. "ముందు సెమినార్లో నీ పేపరు చదువు, చూద్దాం" అన్నారాయన.

అమరావతి స్తూపం మీద పేపరు. క్రిస్టీనా ఇయర్‌ఫోన్ పెట్టుకుని లేచింది.

"అది తీసెయ్యమ్మా. చూసి చదవాలి" అన్నారు మూర్తిగారు.

తీసేసింది. తీసి, ఫోన్ స్పీకరు ఆన్ చేసింది. ఫోన్ ఒక వాక్యం, ఆమె ఒక వాక్యం. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. క్రిస్టీనా స్పీకరు మోత ఇంకాస్త పెంచింది. "చాల్లే, కూర్చో" అన్నా కూర్చోలేదు. ఆఖరి వాక్యం దాకా నిలబడే చదివింది.

మూర్తిగారు చెడ్డవారేం కాదు. తన రోజుల్లో లేనిదాన్ని నమ్మలేరు, అంతే. అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేశారు. ఫోన్ పక్కన పెట్టి జవాబులు చెప్పింది. ఒకదానికి "తెలియదండీ" అంది. చివరికి ఆయన సంతకం పెట్టారు గాని, పెట్టి ఊరుకోలేదు.

"స్టోరు రూములో బల్ల వేయిస్తా, అక్కడ రాసుకో. నలుగురూ చూస్తే నీకే బాగోదు."

ఇంకొకరైతే అమ్మయ్య అనుకునేవారు. క్రిస్టీనాకి మళ్ళీ ఒళ్ళు మండింది.

"దాక్కోడానికి దొంగతనం చేశానాండీ? మీరు కళ్ళజోడు పెట్టుకుని అందరి ముందే చదువుతున్నారుగా. నేనూ హాల్లోనే రాస్తాను."

"ఇలా మాటకి మాట చెబితే పెట్టిన సంతకం కొట్టేస్తాను."

"కొట్టెయ్యండి సార్. రేపు మళ్ళీ వచ్చి అడుగుతాను. ఎల్లుండీ వస్తాను."

ఆయన పెన్ను తీశారు, కాసేపు పట్టుకుని జేబులో పెట్టేసుకున్నారు.

పరీక్షనాడు క్రిస్టీనా హాల్లో మొదటి బెంచీలో కూర్చుంది. చెవిలో ఇయర్‌ఫోన్ అందరికీ కనబడేలా, జుట్టంతా వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకుంది.