ట్యాంకు మూలలో మిగిలిన పాత పూత

2018 ఎండాకాలం. ప్రొద్దుటూరులో నా మెకానిక్ షాపు ముందు ఒక పాతకాలం మోటార్‌సైకిల్ ఆగింది. నడుపుకుంటూ వచ్చింది అరవైకి దగ్గరపడిన ఆడమనిషి. పేరు ఓబుళమ్మ, వేముల దగ్గర పల్లెలో రైతు. భర్తకు పక్షవాతం వచ్చాక, యాభై దాటిన వయసులో ఆయన బండి నేర్చుకుంది. తువ్వాలుతో ఆయన్ని తన నడుముకు కట్టుకుని పులివెందుల ఆసుపత్రికి తీసుకుపోతుందట.

"ఈడికొచ్చేలోపల పదిసార్లు నిలబడింది మస్తానా. మొన్న మా ఆయప్పను ఎండలో కూర్చోబెట్టి బండి తోసుకున్యా. యాడ చూపించినా ట్యాంకు మార్చమంటాండారు. ఈ బండికి ట్యాంకు యాడ దొరుకుతాది?"

ట్యాంకు కింద పెట్రోలు వదిలే కాక్ విప్పితే, దాని జాలీ నిండా గోధుమరంగు పెచ్చులు. తుప్పు ట్యాంకును తినకుండా లోపల సీలర్ అనే చిక్కటి పూత పోస్తాం. ఎవరో తుప్పు మీదే పోసేశారు. అది ఊడి పెట్రోలుకు అడ్డం పడుతోంది.

బండి నా దగ్గర పెట్టించి ఆమెను బస్సెక్కించాను. ట్యాంకులో స్ట్రిప్పర్, అంటే పాత పూతను మెత్తబరిచే మందు, పోసి నానబెట్టాను. పెచ్చులు రాలడానికి గుప్పెడు నట్లు వేసి ఊపాను. రెండు రోజులకు లోపల ఇనుము తళతళలాడింది. కొత్త సీలర్ కలపబోతుండగా ఓబుళమ్మ వచ్చింది.

"ఉండప్పా" అని, ఒక సన్నటి కమ్మీ వంచి, ట్యాంకు మూతిలోంచి వెనక మూలకు పోనిచ్చి గీకింది. కమ్మీ కొనకు పాత పెచ్చు అంటుకుని వచ్చింది.

"ఇదేంది? పాత సున్నం గీకకుండా కొత్త సున్నం కొడితే గోడకు నిలుస్తాదా?"

"కొంచెమే కదక్కా" అన్నాను.

"నీకు కొంచెమే. అదే ఊడొచ్చి నన్ను నడిరోడ్డున నిలబెడతాంది."

ఇరవై ఐదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, కలపబోయిన సీలర్ డబ్బా పక్కన పెట్టాను. మళ్లీ మందు పోశాను. అది నానాక ట్యాంకుకు ఒకవైపు నేను, ఒకవైపు ఆమె పట్టుకుని ఊపాం. చేతులు లాగేస్తున్నా ఆమె వదల్లేదు. కమ్మీకి ఏమీ అంటనప్పుడు గానీ చాలనలేదు. తర్వాత ఆ మూలలో బయటపడ్డ తుప్పును యాసిడ్‌తో వదిలించి, సోడా నీళ్లతో కడిగి, వేడిగాలితో తడి ఆరబెట్టి, సీలర్ పోసి అన్ని వైపులకూ తిప్పాను.

"వారం ఆరాలక్కా. ఆసుపత్రికి ఎట్లా?"

"ఆటోలో పోతాంలే. ఆరనీ. తొందరపడినోళ్ల పని చూసినాం కదా!"

ఏడేళ్లయింది. ఆ పూత ఇప్పటికీ ఊడలేదు. అంతవరకూ నా కంటికి కనిపించినంత మేరా శుభ్రమైతే పని అయిందనుకునేవాణ్ణి. బండి ఆగిపోతే ఎండలో కూర్చోవలసిన మనిషి ఎవరో తెలిశాక, పని అయిందని అంత తేలిగ్గా అనడం మానేశాను.