కంటిపాపలో వెలుగు చుక్క

ఫొటో స్టూడియోలో ఆమెను అందరూ కళ్ళక్క అనేవాళ్ళు. పోయినవాళ్ళ ఫొటోల్లో మూసుకుపోయిన కళ్ళు తెరిపించడం ఆమె పని. ఇంట్లోవాళ్ళు ముక్కు చీదుకుంటూ వచ్చి, "ఒక్కసారి మావైపు చూస్తున్నట్టు చెయ్యమ్మా" అనేవాళ్ళు. కళ్ళక్క రెప్పలు లేపి, పాపలు దిద్ది, చివర్న వాటిలో తెల్లటి వెలుగు చుక్క పెట్టేది. ఆ చుక్క లేకపోతే ఎంత చక్కటి కన్నయినా గాజుగోళీయే.

అలాంటి మనిషి కిందటేడు ఒకసారి ఏడ్చి నవ్వులపాలైంది. ఫోన్లో ఎవరో పెట్టిన కాలిన బిడ్డ ఫొటో చూసి, కింద కథ చదివి, వెక్కి వెక్కి ఏడ్చి, తెలిసినవాళ్ళందరికీ పంపింది. తీరా చూస్తే అది సినిమాకి వేసిన మేకప్పు! "వదినా, ఆ కన్నీళ్ళు బకెట్లో పట్టి ఉంచాల్సింది. నీళ్ళు రాని రోజు పనికొచ్చేవి" అంటూ ఎదురు వాటాలో ఉండే మరిది ఏడాది పొడుగునా ఎత్తిపొడిచాడు. అప్పట్నుంచి ఫోన్లో ఎవరేడ్చినా ఆమెకు ఒళ్ళు మంటే.

పై అంతస్తులోకి కొత్తగా దిగిన బస్సు కండక్టరు ఒక ఆదివారం పొద్దున బిల్డింగు గ్రూపులో ఫొటో పెట్టాడు. భార్య ఒళ్ళో పసిగుడ్డు. "మా పాప ఉంటే ఇవాళ్టికి ఏడాది నిండేది" అని రాశాడు. అంతే, ఎవర్నీ ఏమీ అడగలేదు. గ్రూపంతా అయ్యో పాపం అంది.

కళ్ళక్క ఫొటోని పెద్దది చేసి చూసింది. వెలుగొచ్చే కిటికీ ఎడమవైపు. పాప కళ్ళలో చుక్కలు కుడివైపు. అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇవి దిద్దిన కళ్ళు. ముప్పై ఏళ్ళుగా నేను చేసే పనే. మళ్ళీ మోసపోకండి" అని రాసి పడేసింది.

అయ్యో అన్న నోళ్ళే దొంగ ఏడుపు అన్నాయి. "భార్యయినా సొంతమేనా?" అన్నాడొకడు. మరిది పళ్ళికిలించే బొమ్మలు వరసబెట్టి పంపాడు.

కాసేపటికి కండక్టరు తలుపు కొట్టాడు. చేతిలో ఒక ఫొటో ఉంది.

"నిజమే అక్కా, దిద్దించాం. ఇదీ అసలుది."

అదే ఒడి, అదే కిటికీ. పాప కళ్ళు మూసుకుని ఉంది.

"పుట్టిన పూటే పోయింది. కళ్ళే తెరవలేదు. తెరిస్తే ఎలా ఉండేదో చూడాలని మా ఆవిడ అడిగింది. చేసినవాడికి మీ అంత పనితనం లేదు, అది మా తప్పా? కళ్ళెందుకు దిద్దిస్తారో మీకు తెలీదా? ఇప్పుడు నలుగురూ మాకు బిడ్డే పుట్టలేదంటున్నారు. అవన్నీ ఒక్కొక్కటీ చదువుకుంటూ కూర్చుంది పైన."

కళ్ళక్క ఫోన్లో గ్రూపు తెరిచింది. ఎవరికి తెలియకపోయినా తనకు తెలియాలి కదా! అక్కడే నిలబడి రాసింది: "పొరపాటు నాది. పాప నిజం. నోరు జారిన ప్రతివాళ్ళూ ఆ తల్లికి క్షమాపణ చెప్పండి."

మరిది నుంచి వెంటనే జవాబు: "ఆధారం ఏది వదినా? అసలు ఫొటో పెట్టు చూద్దాం." దాని కింద టపటపా నాలుగు బొటనవేళ్ళు లేచాయి.

"పెట్టెయ్యండక్కా" అన్నాడు కండక్టరు నేల చూస్తూ. "అప్పుడైనా నోళ్ళు మూస్తారు."

"వీళ్ళకా? ఈ బిడ్డనా? చచ్చినా పెట్టను." ఫొటోని అతని జేబులో తనే పెట్టి, విసురుగా వెళ్ళి ఎదురు తలుపు బాదింది.

"ఏరా, ఆధారం కావాలా? పైనుంది, పద."

"అబ్బే, ఊరికే సరదాకి అన్నా వదినా..."

"సరదా తీరుద్దువుగాని నడు. ముందు నేను తలొంచుకుని నా తప్పు చెప్పుకుంటాను. ఆ తర్వాత, ఆ తల్లి ముఖం చూస్తూ, ఆధారం ఏదని నువ్వే అడుగు."

చొక్కా పట్టుకుని అతణ్ణి మెట్లెక్కించింది.