మళ్లీ రాని ఫోను

సారు పోయిన సంగతి నాకు ఫిర్యాదుగా వచ్చింది. పొద్దున పదింటికి ఫోనెత్తి రోజూ చెప్పే మాటే చెప్పినా. అవతల ఎవరో పెద్దామె. "అమ్మా, మా ఇంటి ముందర కాలువ పొంగి వీధంతా మురికినీళ్లు నిలబడినాయి. మూడింటికి శవాన్ని ఎత్తల్ల. ఎవరినన్నా పంపిస్తారా?" డోర్ నంబరు చెప్పమన్నా. ఆమె చెప్తాంటే నా చెయ్యి ఆగిపోయింది. అదే నంబరు అంతకుముందు మూడుసార్లు రాసినా నేను. "సారువాళ్ల ఇల్లా?" అన్నా. "ఔనమ్మా. మా అన్నకు తెల్లారేటప్పుడు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రి దాకా కూడా పోలేదు" అనింది.

ఆ సారు మా మునిసిపాలిటీలో ఫిర్యాదుల ఫోను దగ్గర గుమాస్తా. కోయిలకుంట్ల పక్క పల్లెటూరి మనిషి. నాకు పని నేర్పించింది ఆయనే. మా ఊరి పేరు రాయను, నేనింకా ఆ కుర్చీలోనే కూచోవల్ల. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని ఆ కాలంలో మీలో ఎవరన్నా కొళాయి రాలేదనో, వీధిలైటు పోయిందనో ఆ నంబరుకు చేసింటే, ఆయన గొంతు వినే ఉంటారు. అందరినీ మొదట ఒకటే అడిగేవాడు, "ఎన్ని దినాల నుంచి?" అని.

జనం ఎట్లా చెప్తే అట్లే రాసేవాడు. 'నీటి సరఫరా అంతరాయం' అని రాయమని ఆఫీసరు చెప్తే, సారు 'నాలుగు దినాలాయ, పసిబిడ్డకు నీళ్లు పోయలేదు' అని రాసేవాడు. "ఇది రిజిస్టరా, కథల పుస్తకమా?" అని ఆఫీసరు ఎగిరినాడు ఒకసారి. "రిజిస్టరే సార్. ఆ బిడ్డ కథ కాదు" అన్నాడు ఈయన, తల కూడా ఎత్తకుండా.

రోజూ మూడింటికి ఫోను తన పక్కకు జరుపుకునేవాడు. అది తిరిగి అడిగే గంట. ఫిర్యాదు చేసినోళ్లకు తనే ఫోన్ చేసి, పని అయిందని వాళ్ల నోట విన్నాకనే ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవాడు. ఇంట్లో ఫోను లేనోళ్లయితే వాళ్ల వీధిలోని అంగడికి చేసేవాడు. ఒక శెట్టి అంగడాయనకు విసుగొచ్చి, "లైటు వెలుగుతాంది సారూ, నీకు వేరే పనే లేదా?" అన్నాడంట. సారు పడీపడీ నవ్వి, సాయంత్రం సైకిలు మీద పోయి ఆ లైటు కింద నిలబడి చూసి మరీ వచ్చినాడు.

"కాగితం మీద పారే నీళ్లకు బిందె పెట్టలేం పాపా" అనేవాడు. ఇంకొకటి కూడా చెప్పేవాడు. "మళ్లీ ఫోన్ చెయ్యలేదంటే రెండే అర్థాలు. పనైనా అయ్యుండల్ల, మన మీద ఆశైనా పోయుండల్ల. అడక్కుండా ఏదని నీకెట్లా తెలుస్తాది?"

ఇట్లా చేస్తే మార్కులు యాడ వస్తాయి? నెలనెలా పై ఆఫీసులో సమీక్ష. ఏ ఊరు ఎన్ని ఫిర్యాదులు తీర్చిందని పట్టిక వేస్తారు. వచ్చిన కాగితాన్ని పక్క సెక్షనుకు తోసేసి 'తీర్చినాం' అని రాసుకునే ఊర్లు పైన, మేము అడుగున. ఒకనాడు ఆఫీసరు ఒళ్లు మండి, మమ్మల్నందరినీ నిలబెట్టి, దీనికి దారేందో చెప్పమన్నాడు. నాది కాంట్రాక్టు కొలువు. ఆర్నెల్లకొకసారి ఉంచుతారో తీసేస్తారో అని గుండెల్లో రాయి. నోరు ఊరికే ఉంటాదా? "మళ్లీ ఫోన్ రాలేదంటే పని అయినట్టే కదా సార్" అన్నా.

ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. వారంలో కంప్యూటరు పిల్లోడొచ్చి అదే ఎక్కించినాడు. ఫిర్యాదు చేసిన నంబరు నుంచి ఏడు దినాలు మళ్లీ ఫోను రాకపోతే, తెర మీద ఆ ఫిర్యాదు వరస దానంతటదే, తీరినట్టు, పచ్చగా మారిపోతాది. అదే నాలుగోసారి ఫోను వచ్చిందంటే ఎర్రగా మారి, రాసుకున్నోళ్ల లెక్కలో పడతాది. మరుసటి నెల పట్టికలో మేమే మొదట. నాకు శాలువా కప్పినారు. కొలువు నిలబడింది. సారును కింద జననమరణాల సెక్షనుకు మార్చినారు.

ఆయన తిట్టింటే బాగుండు. మెట్ల మీద ఎదురుపడి, "సగం మాట తీసుకోని పోయినావు పాపా. మిగతా సగం యాడ పెట్టినావు?" అన్నాడు, అంతే. తలకాయ దించుకోని పక్కకు తప్పుకున్నా. రిటైరయ్యేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదాయన.

ఈ వానాకాలం ఆయనే ఫోన్ చేసినాడు. "పాపా, నేనే. మా ఇంటి ముందర కాలువ మూసుకపోయింది, రాసుకో." రాసుకున్నా. మనుషుల్ని పంపిస్తామని పారిశుధ్యం వాళ్లన్నారు, ఎవరూ పోలేదు. వారం తిరక్కుండానే మళ్లీ చేసినాడు. మూడోసారి, "నువ్వు తిరిగి అడుగుతావా?" అన్నాడు. "అడుగుతా సార్" అన్నా. అడగలేదు. ఎనిమిదో దినం ఆయన వరస పచ్చగా కనిపించింది. నిజం చెప్తాండా, సంతోషపడినా. ఒక పీడ వదిలిందనుకున్నా.

ఆ పొద్దున పెద్దామె ఫోను పెట్టేసినాక సెలవు పెట్టి పోయినా. పారిశుధ్యం వాళ్ల కాళ్లావేళ్లా పడినా, రేపొస్తామన్నారు. సారు వీధిలో మురికినీళ్లు పిక్కల దాకా నిలబడినాయి. నీళ్ల మధ్యలో గడప నుంచి వీధి మలుపు దాకా అడుగుకొక రాయి. ఆ రాళ్ల మీదనే పోయి సారు భార్య పక్కన కూచున్నా. ఆమె నన్నెప్పుడూ చూడలేదు, ఆఫీసు నుంచి వచ్చినానని మాత్రం చెప్పినా.

"ఆ రాళ్లు ఆయనే మోసి పెట్టినాడమ్మా, ఈ వయసులో" అనింది. "ఇంకొకసారి ఫోన్ చెయ్యమని శానా చెప్పినా. వద్దులే, నాలుగోసారి పోతే లెక్కలో ఎర్రగా పడతాది, ఆ పాపది కాంట్రాక్టు కొలువు, మాటొస్తాది అన్నాడు."

రెండే అర్థాలన్నాడు సారు. ఈ మూడోది నాకు చెప్పకుండానే పోయినాడు. ఆ పాపను నేనేనని ఆమెకు చెప్పలేకపోయినా. ఇది రాస్తాండేది అందుకే. ఆయన వరస మా కంప్యూటర్లో ఇంకా పచ్చగానే ఉండాది. పచ్చబడినదాన్ని తిరిగి తెరిచే వీలు మేము పెట్టుకోలేదు.

మూడింటికి పాడె ఎత్తినారు. ఆ రాళ్లు ఒక మనిషి నడిచేదానికి పెట్టినవి, నలుగురు మోసేదానికి కాదు. వాళ్లు చెప్పులు విడిచి, పంచెలు ఎగ్గట్టుకోని మురికినీళ్లలోకి దిగినారు. మలుపు తిరిగి కనపడకుండా పోయినాక కూడా ఆ నీళ్లు శానాసేపు కదులుతానే ఉండినాయి. మధ్యలో సారు పెట్టిన రాళ్లు, పైన తడవకుండా, ఒకదాని వెనక ఒకటి.